యజమాని సమన్లు తీసుకోకుండా తప్పించుకు తిరుగుతుంటే నా దావా పోతుందా?

ప్రశ్న: నమస్కారమండీ. నేను న్యూయార్క్‌లో ఉంటున్నాను. ఇక్కడ చాలా దుకాణాలున్న ఒక తెలుగు వ్యాపారి దగ్గర నాలుగేళ్లు గంటల లెక్కన పనిచేశాను. వారానికి అరవై గంటలు పనిచేయించుకొని నలభై గంటలకే డబ్బు ఇచ్చేవారు. మానేసి ఏడాదిన్నర అయింది. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేక, కోర్టు ఫీజు మాత్రం ఎలాగో కట్టి, ఫెడరల్ కోర్టులో కంపెనీ మీద, ఆయన మీద నేనే దావా వేసుకున్నాను. ఇప్పటికి 58 రోజులైంది. సమన్లు ఇవ్వడానికి పెట్టుకున్న ప్రాసెస్ సర్వర్ మూడుసార్లు వెళ్లి ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు. ఆయన ఉండే అపార్ట్‌మెంటులో డోర్‌మన్ పైకి పోనివ్వడం లేదు. ఆఫీసులో రిసెప్షనిస్టు ఆయన ఊళ్లో లేరని చెబుతోంది. అదే వారం ఆయన ఒక సభలో శాలువా కప్పించుకున్న ఫొటోలు నేను చూశాను. ఇప్పుడేమో హైదరాబాదు వెళ్లారంటున్నారు. ‘90 రోజులు దాటితే కేసు కొట్టేస్తారు, అంత పెద్దవాళ్లతో నీకెందుకు’ అని తెలిసినవాళ్లు అంటున్నారు. కాగితం ఆయన చేతికి ఇవ్వలేకపోతే నా కేసు నిజంగా పోతుందా?
— ఒక పాఠకురాలు, న్యూయార్క్

సమాధానం: పోదు. అయితే మీ చేతిలో ఉన్న 32 రోజులను ఎలా వాడుకుంటారన్న దాని మీద చాలా ఆధారపడి ఉంది కాబట్టి, ధైర్యం చెప్పి ఊరుకోకుండా చేయవలసిన పనులను కూడా వివరంగా రాస్తున్నాను.

ముందుగా మీ ప్రశ్నలోని ‘చేతికి’ అన్న మాట దగ్గర ఆగాలి. సమన్లు ప్రతివాది చేతిలోనే పెట్టాలని, ఆయన చెయ్యి చాచకపోతే కోర్టు కూడా ఏమీ చేయలేదని చాలామంది అనుకుంటారు. మీ యజమాని కూడా బహుశా ఆ నమ్మకంతోనే డోర్‌మన్‌ను, రిసెప్షనిస్టును అడ్డుపెట్టుకొని కూర్చున్నాడు. చట్టం అలా లేదు. ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ నియమాలలో నాలుగోది సమన్లకు సంబంధించినది. దాని ప్రకారం ప్రతివాదికి స్వయంగా ఇవ్వవచ్చు, లేదా ఆయన నివసించే ఇంట్లో ఉంటున్న, వయసూ వివేకమూ ఉన్న మరొకరికి ఇవ్వవచ్చు, లేదా ఆయన తరఫున స్వీకరించే అధికారం ఉన్న ప్రతినిధికి ఇవ్వవచ్చు. వీటికి తోడు, కోర్టు ఉన్న రాష్ట్రం గానీ సమన్లు అందించే రాష్ట్రం గానీ తన చట్టంలో ఏ పద్ధతులను అనుమతిస్తుందో వాటన్నిటినీ ఫెడరల్ కోర్టులో వాడుకోవచ్చునని అదే నియమం చెబుతుంది. మీకు దారి చూపేది ఈ చివరి మాటే, ఎందుకంటే న్యూయార్క్ రాష్ట్ర చట్టం ఈ విషయంలో వాదికి చాలా వెసులుబాటు ఇచ్చింది.

న్యూయార్క్ సివిల్ ప్రాక్టీస్ చట్టంలోని 308వ సెక్షన్ ప్రకారం, ప్రతివాది వ్యాపారం చేసే చోట గానీ నివసించే చోట గానీ వయసూ వివేకమూ ఉన్న ఎవరికైనా సమన్లు ఇచ్చి, దానికి 20 రోజుల లోపల మరో ప్రతిని ఆయన చివరిగా నివసించినట్టు తెలిసిన ఇంటికి గానీ వ్యాపార స్థలానికి గానీ ఫస్ట్ క్లాస్ మెయిల్‌లో పంపితే, సమన్లు అందినట్టే లెక్క. ఇలా చేయడానికి ముందు ఆయన చేతికే ఇవ్వడానికి ప్రయత్నించి విఫలమై ఉండాలన్న షరతు కూడా లేదు. అంటే ‘ఆయన ఊళ్లో లేరు’ అని చెబుతున్న ఆ రిసెప్షనిస్టుకే కాగితాలు ఇవ్వవచ్చు. మీ ప్రాసెస్ సర్వర్ ఆమె మాట విని వెనక్కి రావడం పొరపాటు. ఆయన ఎక్కడున్నాడని అడగవలసిన పనే లేదు. ఇది ఆయన మీద వేసిన దావాకు సంబంధించిన సమన్లు అని చెప్పి, ఆమెకు అందించి, ఆమె తీసుకోనంటే ఆమె కళ్లెదుట బల్ల మీద పెట్టి, ఆమె పేరు చెప్పకపోతే కనీసం ఆమె రూపురేఖలను, తేదీని, సమయాన్ని రాసుకొని రావాలి. వ్యాపార స్థలానికి పంపే కవరు మీద ‘వ్యక్తిగతం, గోప్యం’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు ఉండాలి, అది న్యాయవాది దగ్గర్నుంచి వచ్చిందని గానీ దావాకు సంబంధించినదని గానీ పైకి తెలిసే గుర్తు ఏదీ ఉండకూడదు. ఈ చిన్న షరతు తప్పినందుకు సర్వీసు (సమన్లు అందించడం) చెల్లదని వాదించేవారు ఉంటారు కాబట్టి కవరును మీరే చూసి పంపించండి. వీలైతే ఇంటికీ ఒకటి, ఆఫీసుకీ ఒకటి పంపండి. అందించినట్టు సర్వర్ రాసిచ్చే ప్రమాణపత్రాన్ని 20 రోజుల లోపలే కోర్టులో దాఖలు చేయండి. రాష్ట్ర చట్టం లెక్కన ఆ దాఖలు జరిగిన పది రోజులకు గానీ సర్వీసు పూర్తికాదు.

డోర్‌మన్ సంగతి ఇంకా ఆసక్తికరమైనది. పెద్ద భవనాల గుమ్మాల దగ్గర ఈ అడ్డంకి ఎప్పటినుంచో ఉంది, న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానమైన కోర్ట్ ఆఫ్ అపీల్స్ దీనికి 1977లోనే సమాధానం చెప్పింది. డ్యూపాంట్ అనే సంస్థ చెన్ అనేవారి మీద వేసిన ఆ కేసులో కూడా డోర్‌మన్ సర్వర్‌ను పైకి పోనివ్వలేదు. సర్వర్‌ను ఎక్కడ ఆపేశారో అక్కడిదాకా ప్రతివాది నివాసపు హద్దు విస్తరించినట్టు భావించాలని, అక్కడ ఆపిన డోర్‌మన్ చేతికి ఇస్తే ఇంటి దగ్గర తగిన మనిషికి ఇచ్చినట్టేనని న్యాయస్థానం తేల్చింది. ఇంటి మనిషి తలుపు తీయనప్పుడు కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది. 1983లో మరో కేసులో, లోపలున్న పిల్లలు తలుపు తీయకపోతే, వారికి చెప్పి గుమ్మం బయట కాగితాలు పెట్టి రావడాన్ని అదే న్యాయస్థానం ఆమోదించింది. అయితే డోర్‌మన్ ‘పైకి వెళ్లండి’ అంటే మాత్రం వెళ్లాలి, అడ్డుకోని డోర్‌మన్ చేతిలో పెట్టి వచ్చేస్తే ఈ తీర్పు మీకు అక్కరకు రాదు. కాబట్టి మీ సర్వర్ ముందుగా పైకి వెళ్లనివ్వమని స్పష్టంగా అడగాలి, కాదన్న మాటను, అన్న సమయాన్ని రాసుకోవాలి, ఆ తరువాతే కాగితాలు ఆ డోర్‌మన్‌కు ఇవ్వాలి. పోస్టులో పంపడం ఇక్కడ కూడా తప్పనిసరి.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. న్యూయార్క్ చట్టం ప్రకారం ఆదివారం నాడు ఇచ్చిన సివిల్ సమన్లు చెల్లవు. శనివారాన్ని పవిత్ర దినంగా పాటించేవారికి ఆ సంగతి తెలిసీ శనివారం నాడు ఇస్తే అది కూడా చిక్కు తెస్తుంది. మీ సర్వర్ వెళ్లిన మూడుసార్లలో ఎన్ని ఆదివారాలు ఉన్నాయో ఇప్పుడే అడిగి తెలుసుకోండి. అలాగే దావాలో మీరు పార్టీ కనుక సమన్లు మీరు స్వయంగా ఇవ్వకూడదు. 18 ఏళ్లు నిండి, దావాలో పార్టీ కాని ఎవరైనా ఇవ్వవచ్చు. మీ భర్తో, స్నేహితురాలో ఇచ్చినా చట్టరీత్యా తప్పు లేదు గానీ రేపు ప్రతివాది న్యాయవాది వారిని బోనులో నిలబెట్టి అబద్ధమాడుతున్నారనే అవకాశం ఉంటుంది కాబట్టి లైసెన్సు ఉన్న బయటి మనిషినే పంపడం మంచిదని నా అభిప్రాయం. న్యూయార్క్ నగరంలో లైసెన్సు పొందిన సర్వర్లు తాము వెళ్లిన ప్రతి చోటినీ జీపీఎస్ ద్వారా నమోదు చేయాలని 2010లో చేసిన నగర చట్టం చెబుతోంది. ఆ నమోదు మీకు సాక్ష్యం.

కంపెనీ విషయంలో దాగుడుమూతలకు చోటే లేదు. న్యూయార్క్‌లో నమోదైన కార్పొరేషన్‌కు, లిమిటెడ్ లయబిలిటీ కంపెనీకి ఆ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ చట్టరీత్యా ప్రతినిధి. అంటే ఆ కార్యాలయానికి రెండు ప్రతులు, నిర్ణీత రుసుము అందిస్తే కంపెనీకి సమన్లు అందినట్టే. ఎవరి కోసమూ కాపు కాయనక్కర లేదు. కంపెనీ అధికారికి గానీ మేనేజరుకు గానీ ఇచ్చినా చెల్లుతుంది. మీరు ఈ వారంలోనే ఈ పని ముగించండి, ఎందుకంటే మీ ఇద్దరు ప్రతివాదుల్లో ఒకరికి సమన్లు అందినట్టు కోర్టు రికార్డుకు ఎక్కితే, రెండోవారి గురించి గడువు అడిగేటప్పుడు మీరు నిద్రపోలేదని న్యాయమూర్తికి అర్థమవుతుంది. పైగా కంపెనీ తరఫున న్యాయవాది కోర్టులో కనిపించిన రోజు నుంచీ, యజమానికి ఈ దావా గురించి తెలియదన్న మాట ఎవరూ నమ్మరు.

ఆయన హైదరాబాదు వెళ్లాడన్న వార్త మిమ్మల్ని ఎక్కువ భయపెట్టిందని మీ ఉత్తరంలో కనిపిస్తోంది. నిజంగా వెళ్లినా అది ప్రయాణమే అయితే మీకు వచ్చిన నష్టం ఏమీ లేదు. న్యూయార్క్‌లోని ఇల్లు ఆయన ఇల్లుగానే ఉన్నంతకాలం, ఆఫీసు ఆయన ఆఫీసుగానే ఉన్నంతకాలం, పైన చెప్పిన పద్ధతులన్నీ ఆయన విమానంలో ఉన్నా చెల్లుతాయి. ఆయన ఇక్కడి కాపురం ఎత్తేసి భారతదేశంలో స్థిరపడితేనే, ఒక దేశపు కోర్టు కాగితాలను మరో దేశంలో అందించడం గురించిన హేగ్ ఒప్పందం ముందుకు వస్తుంది. 1965 నాటి ఆ ఒప్పందంలో భారతదేశం భాగస్వామి, కానీ విదేశీ సమన్లను పోస్టులో గానీ ప్రైవేటు మనుషుల ద్వారా గానీ నేరుగా ఇవ్వడానికి భారత ప్రభుత్వం అభ్యంతరం తెలిపింది కాబట్టి కేంద్ర న్యాయ మంత్రిత్వ శాఖ ద్వారానే పంపాలి, దానికి నెలలు పడుతుంది. ఆ స్థితిలో 90 రోజుల గడువు మీకు వర్తించదు, విదేశంలో ఇచ్చే సమన్లకు ఆ నియమం మినహాయింపు ఇచ్చింది. అప్పుడు కూడా వేరే దారి అడగడానికి వీలుంది. 2013లో అమెరికా ప్రభుత్వ సంస్థ అయిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పీసీకేర్247 అనే సంస్థ మీద నడిపిన కేసులో, భారతదేశంలో ఉన్న ప్రతివాదుల కోసం మన న్యాయ మంత్రిత్వ శాఖకు పంపిన కాగితాలకు నెలల తరబడి జవాబు రాకపోతే, తరువాతి కోర్టు కాగితాలను వారికి ఈమెయిల్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ పంపవచ్చునని న్యూయార్క్ దక్షిణ జిల్లా ఫెడరల్ కోర్టు అనుమతించింది. దీన్ని అవసరం వస్తే వాడుకొనే ఆయుధంగా దాచుకోండి, ఇప్పుడే ఆ దారి పట్టకండి. ఊరు దాటాడన్న పుకారును నమ్మి మీరే హేగ్ దారిలోకి దిగితే, ఆయన ఆశించిన ఆలస్యాన్ని మీరే ఆయనకు ఇచ్చినవారవుతారు.

ఇలా తప్పించుకోవడం మీ యజమానితో మొదలైనది కాదు. ఆయనకంటే ఎంతో బలవంతులు ఇదే పని చేశారనే ఆరోపణలు వార్తలకెక్కాయి. 2021 మార్చిలో అమెరికా కాంగ్రెస్ సభ్యుడు ఎరిక్ స్వాల్‌వెల్, కాంగ్రెస్ సమావేశమయ్యే క్యాపిటల్ భవనం మీద జరిగిన దాడికి సంబంధించి డొనాల్డ్ ట్రంప్ తదితరుల మీద దావా వేశారు. ప్రతివాదుల్లో ఒకరైన సహ సభ్యుడు మో బ్రూక్స్‌కు సమన్లు ఇవ్వలేకపోతున్నామని, ప్రైవేటు డిటెక్టివ్‌ను పెట్టుకోవలసి వచ్చిందని వాది న్యాయవాదులు కోర్టుకు చెప్పుకున్నారు. న్యాయమూర్తి అమిత్ మెహతా దావాను కొట్టేయలేదు, మరో 60 రోజులు ఇచ్చారు. జూన్ మొదటి వారంలో అలబామాలోని ఇంటి దగ్గర ఆయన భార్య చేతికి కాగితాలు అందాయి. సర్వర్ తమ ఇంట్లోకి అక్రమంగా చొరబడ్డాడని బ్రూక్స్ ఆరోపించారు, అవతలి పక్షం దాన్ని ఖండించింది. ఆ వివాదం ఎలా ఉన్నా, మీ సర్వర్ తాళం వేసి ఉన్న చోటికి, పిలవని గదిలోకి అడుగు పెట్టకూడదన్న పాఠం మాత్రం మీకు పనికొస్తుంది. మీ తప్పు గురించి మాట్లాడే అవకాశం ఆయనకు ఇవ్వవద్దు.

అదే ఏడాది ఆగస్టులో వర్జీనియా జఫ్రే న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో బ్రిటన్ యువరాజు ఆండ్రూ మీద దావా వేసినప్పుడు, కాగితాలను విండ్సర్‌లోని ఆయన నివాసం గేటు దగ్గర కాపలా ఉన్న పోలీసు అధికారికి ఇచ్చి వచ్చారు. అది చెల్లదని ఆయన న్యాయవాది వాదించారు. దానిమీద నెలల తరబడి చర్చ సాగనివ్వకుండా న్యాయమూర్తి లూయిస్ కాప్లన్, అమెరికాలోని ఆయన న్యాయవాది ద్వారానే సమన్లు అందించవచ్చునని సెప్టెంబరు నడిమికల్లా అనుమతి ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే సమన్లు అందినట్టు ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి, దావా 2022 ఫిబ్రవరిలో రాజీతో ముగిసింది. రాజభవనం గేటు కూడా ఆరు వారాలకు మించి ఆపలేకపోయింది. 2022 సెప్టెంబరులో టెక్సస్ అటార్నీ జనరల్ కెన్ పాక్స్‌టన్‌ది కాస్త వేరు విషయం, అది దావా సమన్లు కాక సాక్ష్యం చెప్పమని ఇచ్చే సబ్‌పీనా. తనను చూసి ఆయన భార్య నడిపే ట్రక్కులో వెళ్లిపోయారని సర్వర్ ప్రమాణపత్రం రాశాడు. ఇంటి దగ్గర అపరిచితుడు తచ్చాడుతుంటే కుటుంబ భద్రత కోసం వెళ్లానని పాక్స్‌టన్ అన్నారు. ఎవరి మాట ఎలా ఉన్నా లోకానికి గుర్తున్నది ఆ ప్రమాణపత్రమే, ఎందుకంటే అందులో నిమిషాలతో సహా రాసి ఉంది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే వాదులకు పనికొచ్చింది వేట కాదని, రికార్డు అని నాకు అనిపిస్తుంది. న్యాయమూర్తి ప్రతివాది మనసులోకి తొంగి చూడలేడు, ‘దాక్కున్నాడు’ అన్న మీ కోపం ఆయనకు ఆధారం కాదు. ఏ తేదీన, ఏ సమయంలో, ఏ చిరునామాకు వెళ్లారు, ఎవరు ఏమన్నారు, కారు ఉందా, దీపం వెలుగుతోందా, అదే రోజు ఆయన ఎక్కడ కనిపించాడు అన్నవి కాగితం మీద ఉంటే, దాక్కున్నాడన్న మాట మీరు అనకుండానే న్యాయమూర్తి అనుకుంటారు. పగలు మాత్రమే మూడుసార్లు వెళితే ప్రయత్నం చాలలేదంటారు. ఉదయం ఆఫీసు వేళకు ముందు ఒకసారి, రాత్రి ఒకసారి, శనివారం ఒకసారి, పనివేళల్లో ఆఫీసుకు ఒకసారి వెళ్లి ఉండాలి. అలాంటి నిజమైన ప్రయత్నాలు విఫలమైనప్పుడు ఇంటి తలుపుకు గానీ ఆఫీసు తలుపుకు గానీ సమన్లు అంటించి, 20 రోజుల లోపల పోస్టులో పంపే పద్ధతిని కూడా 308వ సెక్షన్ ఒప్పుకుంటుంది. అదీ కుదరకపోతే, ఈ కేసుకు తగిన మరో పద్ధతిని మీరే నిర్ణయించండని న్యాయమూర్తిని అడగవచ్చు. 2015లో మన్‌హాటన్‌లో ఒక భార్య, చిరునామా లేకుండా తిరుగుతున్న భర్తకు విడాకుల సమన్లను ఫేస్‌బుక్ మెసేజి ద్వారా పంపడానికి అనుమతి పొందింది. కెన్యాలోని అమెరికా రాయబార కార్యాలయం మీద 1998లో జరిగిన బాంబుదాడి బాధితులైతే ఒసామా బిన్ లాడెన్‌కు పత్రికా ప్రకటనల ద్వారా సమన్లు ఇచ్చారు, అందులో ఒకటి అరబ్బీ పత్రిక. అది చాలునని 2005లో వాషింగ్టన్ అప్పీళ్ల న్యాయస్థానం చెప్పింది. వీటన్నిటికీ పునాది 1950 నాటి ములేన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు పెట్టిన కొలత: ఉన్న పరిస్థితులలో ప్రతివాదికి విషయం తెలియజేయడానికి సహేతుకంగా ఏర్పాటు చేసిన పద్ధతి అయి ఉండాలి. ఆయన తెలుసుకోవడానికి ఇష్టపడాలని ఆ కొలత అడగదు.

మోసంతో పని సాధించమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. 1930లలో ఒక స్త్రీ, తన తల్లి ఐర్లండులో చావుబతుకుల్లో ఉందని, తాను దేశం విడిచి వెళ్లే ముందు ఒక్కసారి చూడాలని రాసి, న్యూయార్క్‌లో ఉన్న ప్రతివాదిని ఫ్లోరిడాకు రప్పించింది. మియామీలో విమానం దిగగానే అతనికి సమన్లు అందాయి, అతను కోర్టుకు రాలేదు, ఐదు లక్షల డాలర్లకు ఏకపక్షంగా తీర్పు వచ్చింది. ఆ తీర్పును న్యూయార్క్‌లో అమలు చేయించుకోబోతే, మోసంతో రప్పించి ఇచ్చిన సమన్లతో వచ్చిన తీర్పుకు విలువ లేదని 1937లో అప్పీళ్ల న్యాయస్థానం కొట్టేసింది. కోర్టు పరిధిలో ఇప్పటికే ఉన్న మనిషితో తలుపు తీయించడానికి చిన్న నటన చేయడాన్ని కోర్టులు క్షమించిన సందర్భాలు ఉన్నాయి గానీ, మీకు ఆ అవసరం లేనప్పుడు ఆ అంచున నడవడం ఎందుకు?

ఇంత తంతు ఎందుకని మీకు విసుగు కలగడం సహజం. ఈ నియమాలు పుట్టింది బలవంతుల కోసం కాదు. తన మీద దావా ఉందని తెలియకుండానే ఒక పేదవాడి జీతం జప్తు కాకూడదన్నది వీటి ఉద్దేశం. న్యూయార్క్‌లోనే వేలాదిమంది సామాన్యులకు సమన్లు ఇవ్వకుండానే, ఇచ్చామని దొంగ ప్రమాణాలు చేసిన సర్వర్ల మీద 2009లో ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ చర్యకు దిగవలసి వచ్చింది. నిరుపేదను కాపాడడానికి కట్టిన గోడను డోర్‌మన్‌లున్న ఇళ్లవారు తమ చాటు కోసం వాడుకోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. అయినా ఆ గోడను పడగొట్టమని నేను కోరను, ఎందుకంటే రేపు ఎవరో మీ మీద దొంగ దావా వేస్తే అది మిమ్మల్ని కాపాడుతుంది.

ఇక 90 రోజుల సంగతి. ఆ గడువు లోపల సమన్లు అందకపోతే దావాను కొట్టేసే అధికారం కోర్టుకు ఉంది, అయితే అది మళ్లీ వేసుకునే హక్కు మిగిల్చి కొట్టేయడమే. మీరు తగిన కారణం చూపితే గడువు పెంచడం కోర్టు విధి. కారణం కొంత బలహీనంగా ఉన్నా పెంచే విచక్షణ కూడా న్యాయమూర్తికి ఉంది. ‘మళ్లీ వేసుకోవచ్చు కదా’ అని మాత్రం ఊరుకోకండి, మీ విషయంలో అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఓవర్‌టైముకు సంబంధించిన ఫెడరల్ చట్టంలో రెండేళ్ల వెనక్కి, యజమాని తెలిసి ఉల్లంఘించినట్టు రుజువైతే మూడేళ్ల వెనక్కి మాత్రమే డబ్బు అడగవచ్చు, ఆ లెక్క దావా వేసిన రోజు నుంచి వెనక్కి సాగుతుంది. మీరు మానేసే ఇప్పటికి ఏడాదిన్నర అయింది. ఈ దావా పోయి కొత్తది వేస్తే, వేసే రోజు ముందుకు జరిగిన ప్రతి వారానికీ మీ కష్టార్జితంలో ఒక వారం చేజారుతుంది. న్యూయార్క్ కార్మిక చట్టంలో ఆరేళ్ల కాలపరిమితి ఉండడం మీకు పెద్ద ఊరట, మీ ఫిర్యాదులో ఆ చట్టాన్ని కూడా పేర్కొన్నారో లేదో ఈ రోజే చూసుకోండి. ప్రతివాది ఆలస్యం కోరుకునేది ఎందుకో ఈ లెక్క చూస్తే మీకు అర్థమవుతుంది.

సమన్లు లాంఛనంగా అందించనక్కర లేదని ఒప్పుకునే అవకాశం ఇస్తూ ప్రతివాదికి రాసే పద్ధతి ఒకటి ఉంది, అది మీరు మొదట్లోనే చేయవలసింది, ఇప్పుడైనా చేయండి. ఫిర్యాదు ప్రతి, నియమంలో ఇచ్చిన ఫారం రెండు ప్రతులు, తిరిగి పంపడానికి ముందే చెల్లించిన కవరు జతచేసి పోస్టులో పంపితే, ఆయన 30 రోజుల్లో సంతకం చేసి పంపవచ్చు. సంతకం చేస్తే జవాబు చెప్పడానికి మామూలు 21 రోజులకు బదులు 60 రోజులు దొరుకుతాయి. అమెరికాలో ఉండి తగిన కారణం లేకుండా నిరాకరిస్తే, ఆ తరువాత సమన్లు ఇవ్వడానికి మీకైన ఖర్చును ఆయన చేతే కట్టించాలి. ఆయన సంతకం చేస్తాడని నేను ఆశపెట్టుకోను, కానీ ఆ నిరాకరణ కూడా రికార్డులో ఒక పేజీ అవుతుంది. దీని జవాబు కోసం మిగతా పనులను మాత్రం ఆపవద్దు, 32 రోజుల్లో 30 దీనికే పోతాయి. ఇకముందు ఫీజు మినహాయింపు పొందగల స్థితిలో ఉంటే దానికి దరఖాస్తు చేసుకోండి, మినహాయింపు వచ్చినవారికి సమన్లు అందించే పని ఫెడరల్ కోర్టుల తరఫున పనిచేసే అధికారులైన మార్షల్స్‌కు అప్పగిస్తారు, మార్షల్ యూనిఫారంతో లాబీలోకి వస్తే డోర్‌మన్ మాట తీరు మారుతుంది.

కాబట్టి ఈ వారంలో కంపెనీకి సెక్రటరీ ఆఫ్ స్టేట్ ద్వారా, యజమానికి రిసెప్షనిస్టు, డోర్‌మన్ ఇద్దరి ద్వారా, వెంటనే పోస్టులో కూడా పంపించండి. రెండు చోట్లా ఇవ్వడం వృథా కాదు, ఒకటి చెల్లదని కోర్టు అన్నా మరొకటి నిలుస్తుంది. ఆ తరువాత ఆయన 21 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే డిఫాల్టు (జవాబు ఇవ్వలేదని) నమోదు చేయమని కోర్టును అడగవచ్చు. సమన్లు సరిగా అందలేదన్న అభ్యంతరం ఆయనకు ఉంటే కోర్టుకు పెట్టుకునే మొదటి దరఖాస్తు (మోషన్)లోనో మొదటి జవాబులోనో చెప్పాలి, అప్పుడు చెప్పకుండా ఆరునెలల తరువాత చెబితే వినరు.

ఇవన్నీ జరుగుతుండగానే, 90వ రోజుకు కనీసం రెండు వారాల ముందు, గడువు పెంచమని, అవసరమైతే ఈమెయిల్ ద్వారా గానీ ఆయన న్యాయవాది ద్వారా గానీ అందించడానికి అనుమతించమని కోరుతూ దరఖాస్తు వేయండి. గడువు దాటాక అడిగేవారికంటే దాటకముందు అడిగేవారి మాటకు కోర్టులో ఎక్కువ విలువ ఉంటుంది. సొంతంగా వాదించుకునేవారి కోసం కోర్టులో ప్రత్యేక కార్యాలయం ఉంది, ఫారాలు అక్కడే దొరుకుతాయి. దరఖాస్తుకు సర్వర్ ప్రమాణపత్రాలను, జీపీఎస్ నమోదులను జతచేయండి. ఆయన శాలువా కప్పించుకున్న ఆ ఫొటోలను కూడా అవి ఎక్కడ, ఏ తేదీన ప్రచురితమయ్యాయో కనిపించేలా ముద్రించి, రిసెప్షనిస్టు ‘ఊళ్లో లేరు’ అన్న రోజు ప్రమాణపత్రం వెనకాలే పెట్టండి.